లాల్‌బాగ్‌లో మూడు గంటలు తిరిగి ఏమీ చూడకుండా వచ్చేశాం. అసలక్కడ ఏముంది?

గేటుబజారు_మావయ్య
మా అమ్మాయికి బెంగళూరులో ఉద్యోగం. ఆగస్టులో నేనూ మా ఆవిడా మన ఒడిశా బరంపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్ళాం. "నాన్నా, లాల్‌బాగ్‌లో పూల ప్రదర్శన, చూసి తీరాలి" అని సరిగ్గా పదిహేనో తారీకున బయల్దేరదీసింది. ఆటో అతను ఏదో గేటు దగ్గర దింపేసి పోయాడు. అక్కడ లైను చూస్తే మన ఠాకురాణి యాత్ర ఆఖరి రోజు గుర్తొచ్చింది. గంటన్నర నిలబడి లోపలికెళితే ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడలేదు. గాజు మేడలోకి మేం వెళ్ళలేదు, జనమే మమ్మల్ని మోసుకెళ్ళి అవతల గుమ్మంలోంచి బయట పడేశారు. మధ్యలో పూలతో ఏదో పెద్దది కట్టారు. నా ముందు పదిమంది ఫోన్లు పైకెత్తారు, ఆ ఫోన్లలోనే చూశాను దాన్ని.

మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఒక చెట్టు కింద కూలబడి "జనాన్ని చూడ్డానికి రైల్లో ఇంత దూరం రావాలా, మన పెద్ద బజారు చాలదూ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వెళ్తున్నాం. అమ్మాయి మళ్ళీ లాల్‌బాగే అంటోంది. మా ఆవిడ ఛస్తే రానంటోంది. చెట్లు, జనం కాకుండా అక్కడ చూడ్డానికి ఏముందో వెళ్ళినవాళ్ళు చెప్పండి. ఊరికే "చాలా బాగుంటుంది" అనకండి. ఏది బాగుంటుందో చెప్పండి.

గోపాలపూర్_గాలి
పార్కులో చెట్లు, జనం కాకుండా ఇంకేం ఉంటాయి మావయ్యా? సముద్రానికి వెళ్ళి నీళ్ళు, ఇసుక కాకుండా ఏముందని అడిగినట్టుంది.

పర్లాకిమిడి_పిల్ల
ఆరేళ్ళుగా జయనగర్‌లో ఉంటున్నాను. మావయ్యగారూ, తప్పు లాల్‌బాగ్‌ది కాదు, తారీకుది. ఏడాదికి రెండుసార్లు పూల ప్రదర్శన పెడతారు, రిపబ్లిక్ డేకి ఒకటి, ఇండిపెండెన్స్ డేకి ఒకటి. అందులోనూ సెలవు రోజున మా బెంగళూరు వాళ్ళమే అటు పోము. మీరు వెళ్ళింది పదిహేనునా! మీ అమ్మాయి కొత్తగా వచ్చిందా ఊరికి?

గేటుబజారు_మావయ్య
జూన్‌లోనే చేరింది.

పర్లాకిమిడి_పిల్ల
అదీ సంగతి. పాపం, తనకీ తెలియదు.

జనవరి ప్రదర్శన ఇరవయ్యారుతోనో, ఆ ఒకటి రెండు రోజుల్లోనో అయిపోతుంది. మీరు ఫిబ్రవరి మొదటివారంలో మామూలు రోజున, పొద్దున్నే ఆరున్నర, ఏడింటికి వెళ్ళండి. మెట్రో ఆకుపచ్చ లైనులో లాల్‌బాగ్ అనే స్టేషనే ఉంది. దిగితే పడమటి గేటు దగ్గరే. ఆటో అతను ఏ గేటు దగ్గర దింపుతాడో అన్న టెన్షన్ ఉండదు. పొద్దున వాకింగ్‌కి వచ్చేవాళ్ళకి నేను వెళ్ళేటప్పుడు తొమ్మిది దాకా టికెట్ అడగరు. మీరు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కనుక్కోండి.

అత్తయ్యగారికి లోపల బ్యాటరీ బండి ఉంటుంది. అది కాస్త పొద్దెక్కాక గానీ తిరగదు. తోట 240 ఎకరాలు. మొత్తం నడుస్తానని పంతం పట్టకండి.

రాయగడ_రైడర్
టిప్పు సుల్తాన్ కట్టించిన గాజు మేడ ఒక్కటీ చూస్తే చాలు. మిగతాదంతా పొదలే.

గుణుపురం_గురువు
రైడర్ తమ్ముడూ, టిప్పు పోయింది 1799లో. గాజు మేడకి పునాదిరాయి వేసింది 1889లో. తొంభై ఏళ్ళ తర్వాత లేచొచ్చి కట్టించాడా?

రాయగడ_రైడర్
గైడు చెప్పాడు గురువుగారూ, నేను కల్పించలేదు.

ఇచ్ఛాపురం_అల్లుడు
ఆ గైడుకి ఎంత ఇచ్చావో కూడా చెప్పు, లెక్క సరిపోతుంది.

గుణుపురం_గురువు
సరే, వరసగా చెబుతాను. నలభై మంది పిల్లల్ని విహారయాత్రకి తీసుకెళ్ళినవాణ్ణి, వెళ్ళేముందు చదువుకునే వెళ్ళాను.

తోట వేయించింది హైదర్ అలీ. 1760లో మొదలుపెట్టాడు. అప్పుడిది నలభై ఎకరాలే. సిరా అనే ఊళ్ళో మొగలుల పద్ధతి తోట ఒకటుండేది, అలాంటిది తనకీ కావాలనుకున్నాడు. కొడుకు టిప్పు మొక్కల పిచ్చివాడు. పర్షియా, కాబూల్, టర్కీ, మారిషస్, ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. ఒక చేత్తో యుద్ధాలు, ఒక చేత్తో నార్లు. అతను పోయాక తోట కంపెనీవాళ్ళ చేతిలో పడింది. కొన్నాళ్ళు పట్టించుకున్నవాడు లేడు. 1856లో దాన్ని ప్రభుత్వ వృక్షశాస్త్ర ఉద్యానంగా చేశారు. లండన్ క్యూ గార్డెన్స్‌లో పనిచేసిన తోటమాలిని తెచ్చి పెట్టారు. అప్పటినుంచి అది షికారు తోటే కాదు, మొక్కల ప్రయోగశాల కూడా.

గాజు మేడ జాన్ కామెరన్ అనే సూపరింటెండెంట్ హయాంలోది. 1874 నుంచి 1908 దాకా, అంటే ముప్ఫై నాలుగేళ్ళు ఒకే కుర్చీలో ఉన్నాడాయన. 1889 నవంబరు 30న విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ వచ్చి పునాది వేశాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ని చూసి గీసిన నమూనా. పోత ఇనుము స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పోసి, ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారు.

ఒకటి గమనించండి. చలిదేశాల్లో గాజు ఇల్లు మొక్కకి వెచ్చదనం కోసం. బెంగళూరులో ఆ అవసరం లేదు. ఇది మొదటినుంచీ ప్రదర్శనల కోసం కట్టిందే. అందుకే మామూలు రోజున వెళితే ఖాళీగా ఉంటుంది. ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఖాళీలో నిలబడి పైకి చూస్తేనే ఆ ఇనుప కమానులు కనబడతాయి. మావయ్యగారికి కనబడనిది అదే.

గేటుబజారు_మావయ్య
నాకు పైకి చూసే వీలెక్కడిదండీ. కింద చెప్పు ఊడిపోయింది, దాన్ని చూసుకోవడమే సరిపోయింది.

గోపాలపూర్_గాలి
చెప్పు దొరికిందా?

గేటుబజారు_మావయ్య
దొరికింది. ఎడంకాలిది.

ఛత్రపురం_చిట్టి
నేను ఒప్పుకోను. లాల్‌బాగ్‌కి పేరెక్కువ. కబ్బన్ పార్కుకి తీసుకెళ్ళండి అత్తయ్యని. టికెట్ లేదు, లైను లేదు, ఆదివారం బళ్ళు కూడా తిరగనివ్వరు. వెదురు పొదల కింద దుప్పటి పరుచుకుని మధ్యాహ్నందాకా పడుకోవచ్చు. ఎర్రటి హైకోర్టు భవనం పక్కనే. అదే రంగు లైబ్రరీ ఒకటి తోట మధ్యలో ఉంటుంది, శేషాద్రి అయ్యర్ పేరు మీద. పిల్లలుంటే పుటాణి ఎక్స్‌ప్రెస్ అని బొమ్మ రైలు. విశ్వేశ్వరయ్య మ్యూజియం కూడా అడుగు దూరమే.

పర్లాకిమిడి_పిల్ల
కబ్బన్ పార్కు 1870లో సాంకీ అనే ఇంజనీరు వేశాడు. అప్పటికి లాల్‌బాగ్ వయసు 110. రెంటినీ పోల్చకు చిట్టీ. అది ఊరి మధ్య పచ్చిక, ఇది మొక్కల తోట.

ఛత్రపురం_చిట్టి
వయసు ఎక్కువైతే గొప్పా? మా తాతయ్యకి తొంభై మూడు, ఆయన్ని చూడ్డానికి ఎవరూ రావట్లేదు.

ఇచ్ఛాపురం_అల్లుడు
టికెట్ పెట్టలేదు కాబట్టి రావట్లేదు.

రాయగడ_రైడర్
ఇద్దరూ కొట్టుకోకండి. బరంపురం నుంచి మూడు గంటల్లో భువనేశ్వర్, అక్కణ్ణించి నందన్‌కానన్. పులులు, చెరువు, తోట, అన్నీ ఒకచోటే. బెంగళూరు దాకా ఎందుకు?

గేటుబజారు_మావయ్య
బాబూ, అమ్మాయి ఉన్నది బెంగళూరులో. నందన్‌కానన్‌లో ఉంటే అక్కడికే వెళ్ళేవాళ్ళం.

గుణుపురం_గురువు
నందన్‌కానన్‌ని తక్కువ చేయొద్దు గానీ, 1980లో అక్కడ మామూలు రంగు పులులకి తెల్ల కూనలు పుట్టినప్పుడు దేశమంతా చెప్పుకున్నారు. అది వేరే కథ. ఇంకో దారంలో (థ్రెడ్‌లో) మాట్లాడుకుందాం.

సునాబేడ_బాబ్జీ
లాల్‌బాగ్ అంటే నాకు రాయే. మా నాన్నగారికి సునాబేడ హెచ్ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ నుంచి బెంగళూరుకి బదిలీ అయినప్పుడు నేను ఆరో తరగతి. ఒడియా మీడియం నుంచి వెళ్ళి ఇంగ్లిషు మీడియంలో పడ్డాను. కన్నడం రాదు, ఇంగ్లిషు రాదు, ఇంట్లో మాట్లాడే తెలుగు బడిలో ఎవరికీ అక్కర్లేదు. ఆదివారం వస్తే నాన్న లాల్‌బాగ్ తీసుకెళ్ళేవారు. తోటలో నడిచేవాళ్ళం కాదు. నేరుగా ఆ బండ ఎక్కేసేవాళ్ళం. బూడిదరంగులో, ఏనుగు వీపులా నున్నగా ఉంటుంది. చెట్టు లేదు, గడ్డి లేదు. పైన చిన్న మంటపం, నాలుగు స్తంభాల మీద గోపురం. దాన్నానుకుని కూర్చుంటే ఊరంతా కనబడేది. ఇప్పుడు మేడలే కనబడతాయనుకోండి.

మధ్యాహ్నం వెళ్ళి చెప్పులు విప్పకండి. నాకు అరికాళ్ళు బొబ్బలెక్కాయి ఒకసారి. సాయంత్రం ఐదున్నరకి మాత్రం ఆ రాయి గోరువెచ్చగా ఉంటుంది. వీపు ఆన్చి పడుకుంటే లేవబుద్ధి కాదు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి దానికి మించిన కాపడం లేదు. అత్తయ్యగారికి అది చెప్పి చూడండి.

కోరాపుట్_కాఫీ
బాబ్జీ చెప్పిన బండ గురించే రాద్దామని వచ్చాను. నేను చదివింది భూగర్భశాస్త్రం. అందుకని తోట కన్నా తోటలో రాయే నాకు ముఖ్యం, ఏమనుకోకండి.

ఆ రాయి వయసు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. పెనిన్సులర్ నైస్ అంటారు. దక్షిణ భారతదేశం పీట లాంటిది అనుకోండి, దాని మీదే మిగతావన్నీ కూర్చున్నాయి. భూగర్భ సర్వేవాళ్ళు దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించి పలక పెట్టారు. దగ్గరికెళ్ళి చూస్తే తెలుపు, నలుపు చారలు మెలికలు తిరిగి ఉంటాయి, కలిపీ కలపని పిండిలాగ. కరిగి, నలిగి, మళ్ళీ గట్టిపడిన గుర్తులవి. జనం దాని మీద కూర్చుని పల్లీలు తిని పొట్టు ఊదేసి వెళ్ళిపోతారు. ఆ పలక చదివేవాడు వందకి ఒకడు.

ఇచ్ఛాపురం_అల్లుడు
300 కోట్లా! రాయికా! అమ్మితే ఎంతొస్తుందన్నా?

కోరాపుట్_కాఫీ
సంవత్సరాలు బాబూ, రూపాయలు కాదు.

గోపాలపూర్_గాలి
రాయి చూడ్డానికి బెంగళూరు దాకా ఎందుకు? మన మహేంద్రగిరి లేదా? 1501 మీటర్లు. ఆ బండ దాని మోకాలి దాకా కూడా రాదు.

కోరాపుట్_కాఫీ
ఎత్తు వేరు, వయసు వేరు. కానీ గాలి అన్నది ఒకటి నిజం. మన కొండల్లో రాయికీ ఒక ప్రత్యేకత ఉంది. ఖోండలైట్ అనే రాయికి ఆ పేరు మన ఖోంద్ గిరిజనుల పేరు మీదే పెట్టారు. కోణార్క గుడిలో ఎక్కువగా ఉన్నది ఆ రాయే. ప్రపంచంలో ఎక్కడ ఆ రకం దొరికినా ఇదే పేరుతో పిలుస్తారు. మన పిల్లలకి లాల్‌బాగ్ రాయి గురించి తెలుసు, దీని గురించి తెలియదు. రాయగడ, కోరాపుట్ రోడ్ల పక్కన ఎర్రగా తుప్పు పట్టినట్టుండే రాళ్ళు ఎన్నోసార్లు చూసే ఉంటారు. ఒక్క పలక కూడా లేదు.

రాయగడ_రైడర్
ఓహో, ఆ ఎర్ర రాళ్ళా! వాటి మీద ప్రకటనలు రాసి ఉంటాయి కదా, సిమెంటువి.

సిరోంచ_సీను
గడ్చిరోలి జిల్లా నుంచి. మీ దారం రోజూ చదువుతాను, రాయడం ఇదే మొదలు. రాళ్ళ మాట వచ్చింది కాబట్టి. లాల్‌బాగ్‌లో రాయిగా మారిన చెట్టు మొద్దు ఒకటి పెట్టారు, చూశారా ఎవరైనా? తమిళనాడు తిరువక్కరై నుంచి తెచ్చింది, రెండు కోట్ల ఏళ్ళ నాటిది అని రాసి ఉంటుంది. చుట్టూ కంచె వేశారు. నేను దాన్ని చూసి నవ్వుకున్నాను. మా సిరోంచ దగ్గర వడధంలో అంతకన్నా ఎంతో పాతవి, రాక్షసబల్లుల ఎముకలు, రాయైపోయిన చెట్ల దుంగలు దొరికాయి. శిలాజాల పార్కు అన్నారు. కానీ మా ఊరికి వచ్చే బస్సే సరిగ్గా లేదు, పార్కుకి ఎవరొస్తారు?

పర్లాకిమిడి_పిల్ల
సీనుగారూ, ఆ మొద్దు పక్కనుంచి కనీసం వందసార్లు వెళ్ళుంటాను. మామూలు మొద్దే అనుకున్నాను. ఈ ఆదివారం చూసొస్తాను.

గుణుపురం_గురువు
బండ మీది గోపురం సంగతి ఎవరూ చెప్పలేదు. కెంపేగౌడ వంశంవాళ్ళు ఊరికి నాలుగు వైపులా కట్టిన బురుజుల్లో అదొకటి. బెంగళూరు కోటకి కెంపేగౌడ పునాది వేసింది 1537లో. ఊరు ఈ నాలుగు గోపురాల దాకా పెరుగుతుందని గుర్తుగా పెట్టారంటారు. మిగతావి అలసూరు చెరువు దగ్గర, కెంపాంబుధి చెరువు దగ్గర, మేఖ్రీ సర్కిల్ దగ్గర.

ఇచ్ఛాపురం_అల్లుడు
ఇప్పుడు ఆ గోపురం ఎక్కి చూస్తే ఊరు హోసూరు దాకా పోయింది. కెంపేగౌడగారు ఒక సున్నా తక్కువ వేసుకున్నారు.

సునాబేడ_బాబ్జీ
ఆ బండకీ తిప్పలు తప్పలేదు. 2025లో సొరంగం రోడ్డు ర్యాంపు లాల్‌బాగ్ స్థలంలోకి వస్తుందని గొడవ అయింది. నడకకి వచ్చే ముసలివాళ్ళు కూడా అట్టలు పట్టుకుని నిలబడ్డారు.

రాయగడ_రైడర్
రోడ్డు కూడా కావాలి కదా అన్నా. ఆ ఊళ్ళో ట్రాఫిక్‌లో ఒకసారి ఇరుక్కుంటే తెలుస్తుంది. తోట చూసి మురిసిపోయేవాడు ఆఫీసుకి ఎలా పోవాలి?

పర్లాకిమిడి_పిల్ల
నేను రోజూ ఇరుక్కుంటున్నాను. అయినా నాకు ఆ బండే కావాలి.

దారం_కాపలాదారు
ప్రభుత్వం, పార్టీల వైపు వెళ్ళకండి. తోటలోనే ఉండండి.

ఛత్రపురం_చిట్టి
సరే, పూల సంగతికి వస్తాను. పూలంటే మా గంజాం మొగలి పువ్వు. ఒక్కటి బీరువాలో పెడితే ఆర్నెల్లు చీరలు వాసనొస్తాయి. ఈ ప్రాంతానిదే అని జీఐ గుర్తింపు కూడా ఉంది. లాల్‌బాగ్ ప్రదర్శనలో లక్షల పూలు చూశాను, వాసన మాత్రం పక్కనున్నాయన తల నూనెదే.

గోపాలపూర్_గాలి
ఈ నెలలో ఇదే బెస్ట్ పోస్టు.

పర్లాకిమిడి_పిల్ల
ఫిబ్రవరిలో వెళ్ళమన్నది ఊరికే కాదు. అప్పుడు టబెబూయా చెట్లు పూస్తాయి. ఆకు ఒక్కటి ఉండదు, చెట్టంతా గులాబీ రంగు. పొద్దున నడిచేటప్పుడు దారంతా రాలి ఉంటాయి, తొక్కడానికి మనసొప్పదు.

బెంగళూరు రోడ్ల మీద ఒక చెట్టు తర్వాత ఒక చెట్టు ఏడాది పొడుగునా పూయడం వెనక క్రుంబీగల్ అనే జర్మన్ ఆయన ఉన్నాడు. బరోడాలో పనిచేసి, 1908లో కామెరన్ తర్వాత లాల్‌బాగ్‌కి వచ్చాడు. ఏ నెలలో ఏది పూస్తుందో లెక్కేసి వీధుల్లో వరసలు నాటించే పద్ధతి ఆయనది. లాల్‌బాగ్‌లో ఆయన పేరున పాత హాలు ఒకటుండేది, 2017లో కూలిపోయింది. ముందు గోడకి రెండు సింహం బొమ్మలుండేవి, ఆ వార్త చదివి బాధేసింది.

గుణుపురం_గురువు
ఆయన తర్వాత 1932లో జవరాయ వచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. ఆ తర్వాత మరిగౌడ. కర్ణాటకలో ఉద్యాన శాఖ అంటే ఇప్పటికీ ఆయన పేరే చెబుతారు. నేను మా పిల్లలకి ఇదే చెప్పాను: ఒకడు మొదలుపెట్టాడు, కొడుకు పెంచాడు, ఓడించినవాడు కూడా నరకలేదు.

రాయగడ_రైడర్
పిల్లలు విన్నారా?

గుణుపురం_గురువు
ఐస్‌క్రీం ఎప్పుడని అడిగారు.

ఇచ్ఛాపురం_అల్లుడు
నాకో డౌటు. మా అత్తగారు పప్పులో బెంగళూరు వంకాయ అని ఒకటి వేస్తారు. ఆకుపచ్చగా, ముడతలు పడ్డ జామకాయలా ఉంటుంది. రుచి వంకాయది కాదు. దానికి ఆ పేరెందుకు?

గుణుపురం_గురువు
అల్లుడూ, జీవితంలో మొదటిసారి పనికొచ్చే ప్రశ్న వేశావు. అది మెక్సికో వైపు తీగ. కామెరన్ లాల్‌బాగ్‌లో పెంచి బెంగళూరు రైతులకి అలవాటు చేశాడు. కన్నడంలో సీమె బదనె, అంటే సీమ వంకాయ. అక్కణ్ణించి మన వైపు వచ్చేసరికి బెంగళూరు వంకాయ అయింది. క్యాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ లాంటి దొర కూరలు కూడా ఆ తోటలోంచే చుట్టుపక్కల పొలాల్లోకి పోయాయి.

ఇచ్ఛాపురం_అల్లుడు
అంటే మా అత్తగారి పప్పుకి కారణం హైదర్ అలీ అన్నమాట. ఇన్నాళ్ళూ మావగారిని అనుకుంటున్నాను.

సునాబేడ_బాబ్జీ
మావయ్యగారూ, ఇంకొక్క చెట్టు చెప్పి ఆపుతాను. తెల్ల బూరుగు. ఎవరినడిగినా చూపిస్తారు. వేళ్ళు నేలమీద గోడల్లా లేచి ఉంటాయి, రెండు వేళ్ళ మధ్య మనిషి నిలబడితే బయటివాళ్ళకి కనబడడు. మేం దాగుడుమూతలు ఆడేవాళ్ళం. ఆఖరికి నాన్నే వెతుక్కునేవారు.

గడియారం దగ్గర అందరూ ఫోటోలు తీసుకుంటారు, హెచ్‌ఎంటీ పూల గడియారం, చుట్టూ మరుగుజ్జుల బొమ్మలు. అది ఐదు నిమిషాల పని. చూసి కదిలిపోండి.

గేటుబజారు_మావయ్య
ఇవన్నీ మా ఆవిడకి చదివి వినిపించాను. రాయి మీద కాపడం దగ్గర కొంచెం మెత్తబడింది. "ఎంటీఆర్ అక్కడికి దగ్గరేనట, నిజమా?" అని అడగమంది.

పర్లాకిమిడి_పిల్ల
నిజమే. లాల్‌బాగ్ రోడ్డులోనే. 1924 నాటి హోటలు. యుద్ధకాలంలో బియ్యం కరువొచ్చినప్పుడు రవ్వ ఇడ్లీ అక్కడే పుట్టిందంటారు. తోటలో తిరిగి తొమ్మిదికి అక్కడికి చేరితే మీకు మళ్ళీ లైను తప్పదు, ముందే చెబుతున్నా.

గేటుబజారు_మావయ్య
వెళ్ళొచ్చాం. పోయిన బుధవారం. రిపోర్టు ఇవ్వకపోతే మీరంతా వదలరు కాబట్టి రాస్తున్నా.

పొద్దున ఏడింటికి పడమటి గేట్లోంచి వెళ్ళాం. మంచు ఇంకా పోలేదు. ఆగస్టులో నేను చూసిన తోట ఇది కాదు. గాజు మేడలో మేం ముగ్గురం, తుడిచే ఆవిడ ఒకావిడ, అంతే. గురువుగారు చెప్పినట్టు పైకి చూశాను. మెడ నొప్పెట్టేదాకా చూశాను. ఇనుముని అంత సన్నగా, లతల్లా పోయొచ్చని నాకు తెలియదు.

పిల్ల చెప్పిన గులాబీ రంగు టబెబూయా చెట్లు పూసి ఉన్నాయి. మా ఆవిడ రాలిన పువ్వొకటి తీసి వాసన చూసి "ఏమీ లేదు" అంది. చిట్టి గెలిచింది.

బూరుగు దగ్గర మాత్రం చిత్రం జరిగింది. ఛస్తే రానన్న మనిషి ఆ వేరు మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో బూరుగు దూది దిండ్లు ఉండేవట. ఎండాకాలం కాయలు పగిలి దూది ఇల్లంతా ఎగిరేదట. గింజలు ఏరడం పిల్లల పనట. ముప్ఫై రెండేళ్ళ కాపురంలో ఈ ముక్క నాకు ఎప్పుడూ చెప్పలేదు. మా అమ్మాయి ఫోన్‌లో రికార్డు చేసింది.

రాయి ఎక్కడానికి మెల్లిగా ఇరవై నిమిషాలు పట్టింది. పొద్దున కదా, వెచ్చగా లేదు బాబ్జీ, చల్లగా ఉంది. అయినా కూర్చుంది. అక్కడ ఒక కన్నడం పెద్దావిడ పలకరించింది. ఆవిడ కన్నడంలో, ఈవిడ తెలుగులో, మధ్యమధ్య ఒడియా కూడా వాడేసింది ఎందుకో. అరగంట మోకాళ్ళ గురించే మాట్లాడుకున్నారు. ఏ నూనె రాయాలో కూడా తేలిపోయింది. నేనూ అమ్మాయీ కాఫీ చెప్పిన పలక చదివి వచ్చేసరికి కూడా అయిపోలేదు. వందకి ఒకడు అన్నావు కదా కాఫీ, మేం ఇద్దరం, లెక్క మార్చుకో.

ఎంటీఆర్ దగ్గర లైను చూసి ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఇంటికెళ్ళి ఉప్మా తిన్నాం.

సిరోంచ_సీను
రాయైన చెట్టు చూశారా?

గేటుబజారు_మావయ్య
చూశాం సీనుగారూ. మీ వడధం గురించి మా అమ్మాయికి చెప్పాను. బస్సు సంగతి కూడా చెప్పాను.

పర్లాకిమిడి_పిల్ల
నేనూ చూశాను, ఆ ఆదివారమే. ముట్టుకోబోతే కాపలా ఆయన కేకేశాడు.

సునాబేడ_బాబ్జీ
దిండ్ల సంగతి చదివి మా అమ్మకి ఫోన్ చేశాను. మా ఇంట్లోనూ ఉండేవట. నాకు గుర్తే లేదు.

గేటుబజారు_మావయ్య
అసలు విషయం మరిచాను. బయటికొస్తుంటే హాప్‌కామ్స్ పళ్ళ దుకాణం కనబడింది. మా ఆవిడ రెండు కిలోల బెంగళూరు వంకాయలు కొంది. "పుట్టిన చోట కొంటున్నాం" అని. ప్రశాంతిలో ఒక రోజుపైగా నా కాళ్ళ దగ్గర పెట్టుకుని బరంపురం మోసుకొచ్చాను.

ఇచ్ఛాపురం_అల్లుడు
ఏం వండారు?

గేటుబజారు_మావయ్య
పప్పులో వేసింది. సొరకాయలా ఉంది.

ఛత్రపురం_చిట్టి
మావయ్యగారూ, అవి మన గేటు బజార్లోనే దొరుకుతాయి కదా. మీ ఇంటికి నాలుగు అడుగులు.

గేటుబజారు_మావయ్య
కిలో ఎంతకి ఇస్తున్నారు?